ఆఖరి ఆరంకెల గొడవ

వెనక్కి ఇచ్చేసిన ఫోన్ తాలూకు 17,499 రూపాయలు నిన్న సాయంత్రం ఖాతాలో పడ్డాయి. మెసేజ్ చూశాక కూడా నమ్మకం కుదరక బ్యాంకు యాప్ తెరిచి మరీ చూసుకున్నాను. ఆ వేడి మీదే ఇది రాస్తున్నాను. రెండు రోజులు ఆగితే కోపం చల్లారిపోతుంది, అప్పుడు ఇంత నిజం రాయలేను.

ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం దసరా సేల్‌లో ఆన్‌లైన్‌లో ఫోన్ కొన్నాం. డబ్బు కట్టడం, ఓటీపీ చెప్పడం, డబ్బా చేతికి రావడం, అంతా సాఫీగా జరిగింది. కొనేటప్పుడు ఎప్పుడూ సాఫీగానే జరుగుతుంది. మర్నాడు చూస్తే స్క్రీన్ కింది భాగంలో రెండు వేళ్ల వెడల్పున టచ్ పనిచేయడం లేదు. డయల్ చేయబోతే స్టార్, సున్నా, హ్యాష్ ఉన్న వరస మొత్తం పడటం లేదు. సున్నా లేకుండా ఎవరికి ఫోన్ చేస్తాం? వెనక్కి ఇవ్వడానికి ఏడు రోజుల గడువుంది. రిక్వెస్ట్ పెట్టడం రెండు నిమిషాల పని.

నాలుగో రోజు పికప్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, తన యాప్‌లో ఉన్న ఐఎంఈఐ నంబరూ (ఏ ఫోన్ ఏదో గుర్తుపట్టే సంఖ్య) ఫోన్‌లో ఉన్నదీ ఒకటి కావాలన్నాడు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే నంబరు వస్తుంది, కొట్టండి మేడమ్ అని ఫోన్ నాకే ఇచ్చాడు. అది కొట్టగలిగితే నిన్నెందుకు పిలిపిస్తాను నాయనా అన్నాను. అతనికి నవ్వు రాలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెతికి, ఆఖరి ఆరంకెలు పైకి చదివి, తన యాప్ వైపు చూసి, మళ్లీ చదివాడు.

"మ్యాచ్ కాలేదు మేడమ్. ఇది మేం పంపిన ఫోన్ కాదు."

మీరు పంపిందే అన్నాను. అప్పటికి ఎదురింటావిడ బయటికి వచ్చింది, పక్కింట్లో అద్దెకున్న దంపతులు కూడా వచ్చి నిలబడ్డారు. అందరి ముందూ "ఇలా ఫోన్ మార్చేసి పాతది ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు మేడమ్, తప్పు వస్తువు తీసుకెళ్తే నా జీతంలో కోస్తారు" అన్నాడు. 22 ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పరీక్షలో కాపీ కొట్టినవాణ్ని కూడా నలుగురి ముందు దొంగ అనలేదు. "ఏమైంది టీచరమ్మా?" అని ఎదురింటావిడ అడిగిన ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. ఏం చెప్పాలో తెలియక ఫోన్ తీసుకుని లోపలికి వచ్చేశాను. ఐదు నిమిషాల్లో మెసేజ్: కస్టమర్ పికప్ రద్దు చేసుకున్నారు. నేను రద్దు చేసుకున్నానట!

ఆ రాత్రి చాట్‌లో ఒక యంత్రంతో గంటసేపు మాట్లాడాను. ఏం రాసినా "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అంటుంది. మూడుసార్లు పోరితే మనిషి దొరికాడు. పాలసీ ప్రకారం వేరే వస్తువు తీసుకోలేమన్నాడు. మా మరిది అయితే, పోనీలే వదినా, సర్వీస్ సెంటర్లో ఇస్తే వారంటీలో బాగుచేస్తారు కదా అన్నాడు. కొని నాలుగు రోజులు కాని వస్తువును బాగుచేయించుకోవడం ఏమిటి? ఈ "పోనీలే" వల్లే మనల్ని ఇలా ఆడిస్తున్నారని నా అభిప్రాయం.

మర్మం కనిపెట్టింది మా అబ్బాయే. డబ్బా మీది స్టిక్కర్ చూసి, అమ్మా, రెండు నంబర్లున్నాయి అన్నాడు. రెండు సిమ్‌ల ఫోన్ కాబట్టి 15 అంకెల ఐఎంఈఐలు రెండుంటాయి. బిల్లు మీద ఉన్నది మొదటిది. ఆ కుర్రాడు చదివింది రెండోది. అంతే! ఇంత చిన్న విషయానికి నేను వీధిలో దొంగనయ్యాను.

తెల్లారి బిల్లు, డబ్బా స్టిక్కర్, ఫోన్‌లో రెండు నంబర్లు కనిపించే పేజీ, టచ్ పడని వీడియో అన్నీ జతచేసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. ఆ పేరు, మెయిల్ వాళ్ల సైట్‌లో అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. ఇవన్నీ చదివి, లాయర్ సాయం లేకుండా నేనే రాశాను. రాసింది బాగుందని మా హెడ్మాస్టరే అన్నారు.

అందినట్టు జవాబు వచ్చింది, తర్వాత ఐదు రోజులు ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు తీర్పు చెప్పరు, మన ఫిర్యాదును కంపెనీకి పంపుతారు. ఒక నంబరు ఇస్తారు, రాసుకోండి. ఇందులోనూ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాను. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువుంది. అంత దూరం పోనవసరం పడలేదు. నాలుగో రోజు కంపెనీ నుంచి ఎంతో మర్యాదగా ఫోన్ వచ్చింది. నంబరు "సాంకేతికంగా" సరిపోలలేదట. సాంకేతికంగా!

అదే ఫోన్ మళ్లీ ఇవ్వడానికి స్టాక్ లేదు, డబ్బే ఇస్తామన్నారు. సరేనన్నాను.

రెండోసారి పికప్‌కి వచ్చింది అదే కుర్రాడు. ఈసారి బిల్లు చేతిలో పట్టుకుని రెండు నంబర్లూ నేనే చదివించాను. "రెండుంటాయని మాకెవరూ చెప్పలేదు మేడమ్" అని నసిగాడు. అది కాస్త గట్టిగా చెప్పు బాబూ అన్నాను. చెప్పాడు పాపం. ఎదురింటి తలుపు వైపు చూశాను. లోపల టీవీలో సీరియల్ మోగుతోంది. పక్కింటివాళ్లు ఊరెళ్లారట. ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరూ బయటికి రాలేదు.