అమ్మకి ఇస్తున్న 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్

అమ్మ నోటి క్యాన్సర్‌కి మూడు వారాలకోసారి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు) 20 మిల్లీగ్రాములు ఎక్కిస్తున్నారు. మామూలుగా ఇచ్చే పూర్తి డోసు రెండు వారాలకోసారి 240. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి చుట్టాల ఫోన్లు ఆగడం లేదు. "డబ్బుల్లేవని మందు తగ్గించేశారా?" అని పెదనాన్న మొహం మీదే అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా దగ్గర ఆడవాళ్లు చాలామంది చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. ఏళ్ల తరబడి ఆ వేడికి అంగిలి కాలుతూనే ఉంటుంది. అమ్మకి జబ్బు అక్కడే మొదలైంది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక మళ్లీ తిరగబెట్టి మెడలోకి పాకింది. ఇక కోసి తీసేది కాదన్నారు. పూర్తి డోసు ఇమ్యునోథెరపీకి లక్షల్లో చెప్పారు. పొలం అమ్మినా కొన్ని నెలలకి మించి రాదు.

అప్పుడు డాక్టరుగారు ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు పేషెంట్ల మీద చేసిన ట్రయల్ గురించి చెప్పారు. ఫలితాలు 2022లో వచ్చాయి. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ మూడు రకాల మాత్రలు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ ఎర్లోటినిబ్, రెండు పూటలా సెలెకాక్సిబ్. ఒక గుంపుకి వీటితో పాటు ఈ 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. ఏడాదికి బతికున్నవాళ్లు ఉత్త మాత్రల గుంపులో నూటికి 16 మంది, ఇంజెక్షన్ గుంపులో 43 మంది. తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు దాదాపు సమానం. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలోనూ సగం మంది పది నెలలకి కాస్త అటూ ఇటూగా పోయారని కూడా ఆయన దాచకుండా చెప్పారు. ఆ మాట చెప్పినందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఇంత తక్కువ మందు ఎలా పనిచేస్తుందంటే, రోగనిరోధక కణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. నివోలుమాబ్ దాన్ని పట్టుకుని పనిచేయనివ్వదు, దాంతో ఆ కణాలు క్యాన్సర్ మీద పడతాయి. కొద్ది మందుకే ఆ బ్రేకుల్లో చాలావరకు పట్టుబడిపోతాయి. మాత్రలేమో గడ్డకి రక్తం తెచ్చే కొత్త నాళాలు పెరగకుండా చూస్తాయి.

"పూర్తి డోసు అయితే ఇంకా బాగుండేదేమో?" అన్నారు పెదనాన్న. ఆ ట్రయల్‌లో పూర్తి డోసుతో పోల్చి చూడలేదు, ఆ మాటే ఆయనకీ చెప్పాను. కానీ ఇది ఎవరో ఉజ్జాయింపుగా తగ్గించిన మందు కాదు, మనలాంటి పేషెంట్ల మీదే పరీక్షించి చూసిన డోసు.

సీసాలో 40 మిల్లీగ్రాములుంటుంది. సగం అమ్మకి, సగం బొబ్బిలి నుంచి వచ్చే ఒకాయనకి. తెరిచాక దాచిపెట్టరు కాబట్టి ఇద్దరూ ఒకే రోజు రావాలి. ఒకసారి ఆయనకి జ్వరం వచ్చింది. మిగతా సగం ఏమవుతుందోనని మాకు ఒకటే టెన్షన్. సిస్టరు వరసగా ఫోన్లు చేసి మధ్యాహ్నానికి ఇంకొకరిని రప్పించింది. ఆ అమ్మాయికి ఎంత చెప్పినా తక్కువే.

ఇంజెక్షన్‌తో పాటు అమ్మకీ ఆ మాత్రలే ఇస్తున్నారు. వాటిలో ఎర్లోటినిబ్‌కి అమ్మ మొహం నిండా పొక్కులొచ్చాయి. "ఏటే, ఈ వయసులో నాకు మొటిమలేటి?" అని అద్దం అడిగి తెప్పించుకుంది. డాక్టరు ఇచ్చిన క్రీముతో తగ్గాయి. మెడలో గడ్డ మెత్తబడింది, జావ మింగగలుగుతోంది.

ఈ వైద్యం మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. మేం క్యాలెండర్లో ఆదివారాలు ఎర్ర పెన్నుతో చుట్టాం, ఆ డబ్బా విడిగా బీరువాలో పెట్టాం. విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా ఇంట్లో మందులు వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. డోసు తక్కువైనా ఇమ్యునోథెరపీయే, అది థైరాయిడ్‌ని దెబ్బతీయొచ్చు కాబట్టి, థైరాయిడ్ పరీక్ష ఎప్పుడెప్పుడు చేయిస్తారో మీ డాక్టరుని అడగండి.