భీష్ముడికి చెంబెడు నీళ్ళు

నిన్న రథసప్తమికి తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, ఫొటోలు పంపుకున్నవాళ్ళే ఇవాళ భీష్మాష్టమి, భీష్ముడికి తర్పణం వదలాలి అనగానే "మా నాన్నగారు ఉన్నారండీ, తర్పణాలు మాకు లేవు" అంటున్నారు. వింటుంటే బాధేస్తోంది. "జీవత్పితాపి కుర్వీత తర్పణం యమభీష్మయోః" అన్నారు కదా! తండ్రి ఉన్నవాడు కూడా యముడికీ భీష్ముడికీ నీళ్ళు వదలాలి. కాసిని నువ్వులు, చెంబెడు నీళ్ళు చాలు. దానికీ తీరిక లేదా?

వైయాఘ్రపాదగోత్రాయ సాంకృత్యప్రవరాయ చ
అపుత్రాయ దదామ్యేతజ్జలం భీష్మాయ వర్మణే

ఈ శ్లోకం చదివినప్పుడల్లా అందరికీ అంపశయ్య గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు ముందు రాత్రి గుర్తొస్తుంది. తొమ్మిదో రోజు యుద్ధం ముగిసింది. తాతను పడగొట్టక తప్పదని తేలిపోయింది. అప్పుడు అర్జునుడు కృష్ణుడి దగ్గర బేలగా అంటాడు: చిన్నప్పుడు ఆడుకుని ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి ఆయన ఒళ్ళో ఎక్కేవాణ్ణి, "నాన్నా" అని పిలిస్తే "నేను మీ నాన్నను కాదురా, మీ నాన్నకు నాన్నను" అనేవాడు, అలాంటి వాణ్ణి నేనెలా చంపను?

పరశురాముడికే ఎదురు నిలిచిన యోధుడు. అర్జునుడికి ఆ క్షణంలో ఆయన విల్లు గుర్తు రాలేదు, ఒడి గుర్తొచ్చింది. పెళ్ళే వద్దనుకున్న ఆ మనిషి తమ్ముళ్ళను పెంచాడు, వాళ్ళు పోతే ధృతరాష్ట్ర పాండు విదురులను పెంచాడు, ఆ తర్వాత ఇల్లు నిండా ఉన్న మనవలను కనిపెట్టుకుని ఉన్నాడు. ఆయనకంటే సంసారి ఎవరు చెప్పండి? అపుత్రాయ, అంటే కొడుకులు లేనివాడికి, అని మనం నీళ్ళు వదులుతున్నామంటే, ఆయన పెంచిన పిల్లల వరసలో మనమూ నిలబడుతున్నామన్నమాట. నాకు అలాగే అనిపిస్తుంది.

మా పెదనాన్న సైన్యంలో, మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంలో చేశారు. 1971 యుద్ధంలో ఉన్నారు. 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) అడ్రసుతో ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. అందులో యుద్ధం ముక్క ఒక్కటీ ఉండేది కాదు. చంటిదానికి దగ్గు తగ్గిందా, పెద్దాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి, చిక్కుడు పాదుకు పేను పట్టిందన్నారు, బూడిద చల్లారా? అంతా ఇదే. సెలవు మీద వచ్చినప్పుడు యూనిఫాం విప్పకముందే పిల్లలందరం మట్టికాళ్ళతో మీద పడేవాళ్ళం. "బట్టలు మాసిపోతాయిరా!" అని పెద్దమ్మ అరిస్తే, "మాయనీ, ఉతుక్కుంటాను" అనేవారు. ఆ నల్ల ట్రంకుపెట్టెలో పైన మాకు తెచ్చిన స్వెటర్లు, అడుగున పాత జేబురుమాల్లో చుట్టిన పతకాలు. అవి ఏమిటని అడిగితే తప్ప చెప్పేవారు కాదు. రిటైరయ్యాక కూడా తెల్లారుజామునే లేచి దుప్పటి అంచుకు అంచు కలిపి మడతపెట్టి, విష్ణుసహస్రనామం చదువుకుని, అప్పుడు కాఫీ అడిగేవారు.

ఆయన తద్దినం ఆయన కొడుకులు శ్రద్ధగా పెడుతున్నారు. భీష్మ తర్పణంలో ఆయన పేరు చెప్పను, చెప్పకూడదు. ఆ నీళ్ళు భీష్ముడివే. కానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వులనీళ్ళు జారుతున్నంతసేపూ నాకు కళ్ళముందు ఆయనే ఉంటారు. ఈ 2026లో భీష్మాష్టమి సరిగ్గా జనవరి 26నే వచ్చింది. వీధి చివర బడిలో జెండా ఎగరేస్తున్నారు, ఇక్కడ నేను దక్షిణం వైపు తిరిగి నీళ్ళు వదిలాను. కన్నీళ్ళు ఆగలేదు.

గురువారం భీష్మ ఏకాదశి. సహస్రనామం ఫోన్లో పెట్టేసి మీ పనిలో మీరు పడిపోకండి, దయచేసి. అది అంపశయ్య మీద పడుకుని ఓ తాత మనవడికి చెప్పిన మాట. కూర్చుని, నోరారా చదవండి. తప్పులు దొర్లినా పర్వాలేదు. మీ ఇంట్లో, మీ వీధిలో సైన్యంలో చేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన పక్కన కూర్చుని చదవండి. చూపు ఆనకపోతే పుస్తకం మీరు పట్టుకోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, ఆయన ఒళ్ళో ఎక్కినా ఏమీ అనకండి.