సెయింట్ ఆబ్స్ నుంచి ఐమౌత్ దాకా, కొండ అంచు మీద

ఎడిన్‌బరా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళని, స్కాట్లాండ్ తూర్పు తీరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ సెయింట్ ఆబ్స్ హెడ్ చూశారా అని అడిగితే చాలామంది చూశామనే అంటారు. కారు ఆపి, లైట్‌హౌస్ దాకా వెళ్ళి, గాలికి జుట్టు మొహాన పడుతుండగా ఫొటో దిగి, వెనక్కి వచ్చేయడం. తప్పేం లేదు గానీ నా దృష్టిలో అది సగం నడకే. అక్కణ్ణుంచి దక్షిణంగా ఐమౌత్ రేవు దాకా నడవాలి. అదీ ఈ వైపు నుంచే, పక్షుల దగ్గర మొదలుపెట్టి పడవల దగ్గర ఆపాలి. ఐమౌత్‌లో మొదలుపెడితే చివర్లో లైట్‌హౌస్ వస్తుంది, అది మంచి ముగింపు అనేవాళ్ళున్నారు. ఫొటోల వరకూ నిజమే. ఐమౌత్ ఊరు అర్థం కావాలంటే మాత్రం దాని రేవు ముఖం ముందు కొండమీంచి చూడాలి, ఆ తర్వాతే ఊళ్ళోకి దిగాలి.

మేం జూన్ ఆఖర్లో వెళ్ళాం. మొదలొక చోట, చివరింకో చోట అయ్యే నడకకి కారు తీసుకెళ్తే మళ్ళీ దానికోసం వెనక్కి రావాలి, అందుకని రైలెక్కాం. 1964లో మూసేసిన రెస్టన్ స్టేషన్‌ని 2022 మే నెలలో మళ్ళీ తెరిచారు. మాలాంటి వాళ్ళకి అది పెద్ద వరం. అక్కణ్ణుంచి సెయింట్ ఆబ్స్‌కి ట్యాక్సీ మాత్రం ముందే మాట్లాడుకోండి, దిగగానే చెయ్యి ఊపితే ఆగే ఊరు కాదది.

మా ఆయనకి ఎత్తులంటే పడదు. అయినా ఇలాంటి నడకలకి నాతో వస్తారు, అంచుకి నాలుగు గజాల లోపల, గొర్రెలు మేసే వైపు నడుస్తూ. గిలిమాట్ అనే సముద్రపు పక్షులు గుంపుగా ఉండే రాయి దగ్గర నేను బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాను. "ఏవండీ, ఇలా రండి, ఇక్కణ్ణుంచి పిల్లలు కూడా కనిపిస్తున్నాయి" అంటే, "నాకిక్కడికి వినిపిస్తున్నాయిలే, చాలు" అన్నారు. వినిపించడమే కాదు, వాసన కూడా వస్తుంది. చేపలూ రెట్టా కలిసిన ఘాటైన కంపు. ముందు ముక్కు మూసుకుంటాం, పది నిమిషాలకి మర్చిపోతాం.

గిలిమాట్ గూడు కట్టదు. కొండ గోడలో అరచేయంత చోటు దొరికితే చాలు, వట్టి రాతి మీద ఒకే ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డు ఒక కొస బాగా సన్నం. దాని మీది మచ్చలూ గీతలూ ఏ గుడ్డుకా గుడ్డుకి వేరు, అంత గుంపులోనూ తమది తాము పోల్చుకుంటాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం పిల్ల సంగతి. మూడు వారాల వయసుకి, ఇంకా ఎగరడం రాకముందే, సాయంత్రం వేళ అంచు మీంచి సముద్రంలోకి దూకేస్తుంది. కింద నీళ్ళలో తండ్రి అరుస్తూ పిలుస్తుంటాడు. ఆ గోలలో తన తండ్రి గొంతు గుర్తుపట్టి దగ్గరికి చేరితే, ఇద్దరూ ఈదుకుంటూ నడిసముద్రంలోకి వెళ్ళిపోతారు. తిండి పెట్టడం, కాపాడడం అన్నీ ఆ తర్వాత కొన్ని వారాల పాటు తండ్రి పనే. మేం వెళ్ళింది మధ్యాహ్నం కాబట్టి దూకడం చూడలేదు. తల్లో తండ్రో రెక్క కింద బూడిదరంగు ఉండల్లా నక్కిన పిల్లల్ని మాత్రం చాలా సేపు చూశాను.

వాటి పక్కనే సీగల్ జాతి పక్షులు, కిట్టివేక్‌లు. ఇవి మట్టీ గడ్డీ కలిపి గోడకి అతికించి గూడు కడతాయి, తమ పేరు తామే అరుచుకుంటాయి. గూడు కాలం అయిపోతే అట్లాంటిక్ మీదికి వెళ్ళి చలికాలమంతా నేల మొహం చూడవు. పఫిన్లు చూడాలని వచ్చేవాళ్ళు మాత్రం ఇక్కడ కాస్త నిరాశ పడతారు, చాలా తక్కువ.

ఈ కొండంతా నలభై కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వతపు లావా. పక్క రాళ్ళకన్నా గట్టిది కాబట్టే సముద్రంలోకి ఇలా పొడుచుకొచ్చి నిలబడింది. ఉత్తరాన పెటికో విక్ దగ్గర రాయి రంగే మారిపోతుంది, అది ఇంకా పాత సముద్రపు అడుగున పేరుకున్న బురద. రెంటి మధ్య నేల చీలిన గీత లోయగా మారింది. ఆ లోయకి అడ్డంగా కట్ట వేసి చేసిన చెరువే మైర్ లాక్. గాలి మరీ ఎక్కువైతే ఆ చెరువు పక్కనుంచి నడవొచ్చు. మా ఆయనకి ఆ దారే ఇష్టం.

లైట్‌హౌస్ దగ్గర చాలామంది "ఇంతేనా?" అంటారు. 1862లో స్టీవెన్‌సన్ అన్నదమ్ములు డేవిడ్, థామస్ కట్టారు. స్తంభం ఎత్తు 9 మీటర్లే. మిగతా పని కొండే చేసిపెట్టింది, దీపం సముద్రానికి 68 మీటర్ల పైన ఉంటుంది. అందుకే ఇక్కడ లైట్‌హౌస్‌కి మెట్లు ఎక్కరు, దిగుతారు. కాపలావాళ్ళ ఇళ్ళు పైన, దీపం కింద. 1993 నుంచి కాపలావాళ్ళు లేరు. ఎర్ర రంగేసిన పొగమంచు బూర ఇప్పటికీ కొండ అంచున సముద్రం వైపు నోరు తెరుచుకునే ఉంది. తూర్పు తీరంలో ఎండ కాస్తూ కాస్తూ ఉండగానే సముద్రం మీంచి పొగమంచు వచ్చి కప్పేస్తుంది, అలాంటప్పుడు దీపం ఎంత వెలిగినా లాభం లేదు, చప్పుడే దిక్కు.

సెయింట్ ఆబ్స్ ఊళ్ళోకి దిగితే చిన్న రేవు, ఈత దుస్తుల్లో డైవింగ్‌కి వచ్చినవాళ్ళు. ఇక్కడి నీళ్ళు 1984 నుంచి సముద్ర జీవుల రక్షిత ప్రాంతం. ఏడో శతాబ్దంలో ఇక్కడ మఠం పెట్టిన నార్తంబ్రియా రాచకుమారి ఎబ్బా పేరు కొండకి వచ్చింది. ఊరి పేరు మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా కోల్డింగమ్ షోర్. ఈ ఊరి జనం గురించి ఒక్క సంగతి చెప్తే చాలు. RNLI అనే జాతీయ సంస్థ 2015లో, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే ఇక్కడి లైఫ్‌బోట్ స్టేషన్‌ని మూసేస్తే, చందాలు వేసుకుని మరుసటి ఏడాదే సొంత లైఫ్‌బోట్ తెచ్చుకున్నారు.

రేవు పైన ఒక చిన్న కంచు బొమ్మ ఉంది. కొందరు ఆడవాళ్ళూ పిల్లలూ గుంపుగా నిలబడి సముద్రం కేసి చూస్తుంటారు. అక్కడ ఆగండి, ఆ ఊరి లెక్క చూసుకోండి. 1881 అక్టోబర్ 14 తుఫానులో ఈ ఊరు పోగొట్టుకున్నది ముగ్గురు మగవాళ్ళని. ఆ లెక్క మనసులో పెట్టుకుని ముందుకి నడవండి.

కోల్డింగమ్ బే గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మంచి ఇసుక, రంగురంగుల చెక్క గుడిసెలు, చలికి వణుకుతూ సర్ఫింగ్ చేసే కుర్రాళ్ళు. ఇసుక దాటాక మెట్లెక్కితే జనం ఒక్కసారిగా తగ్గిపోతారు. మా ఆయనకి కూడా ఇక్కణ్ణుంచి కాస్త ప్రాణం కుదుటపడింది, దారి పొలాల పక్కన వెడల్పుగా ఉంటుంది, అంచు అంత నిట్టనిలువుగా ఉండదు. లింకిమ్ దగ్గర మళ్ళీ నీళ్ళ మట్టానికి దిగి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కర్ర పనికొచ్చేది ఇక్కడే, లైట్‌హౌస్ దగ్గర కాదు. రాయి రంగు నలుపు నుంచి ఎరుపుకి తిరుగుతుంది. దారి పక్కన గులాబీ రంగు త్రిఫ్ట్ పూలు అప్పటికి వాడిపోయే దశకి వచ్చాయి.

ఐమౌత్‌కి ముందు ఒక ఎర్రటి కొండ కొమ్ము సముద్రంలోకి సాగి ఉంటుంది. దాని మీద గడ్డి కప్పిన మట్టి దిబ్బలు. అదే ఐమౌత్ కోట. 1547లో ఇంగ్లీషువాళ్ళు కట్టారు, 1550 సంధి ప్రకారం కూల్చేశారు. 1557లో ఫ్రెంచివాళ్ళు మళ్ళీ కట్టారు, 1559 సంధి ప్రకారం మళ్ళీ కూల్చారు. పన్నెండేళ్ళలో రెండు కోటలు, రెంటినీ పడగొట్టింది ఫిరంగులు కాదు, సంతకాలు. మా ఆయన దీనికి చాలాసేపు నవ్వారు. ఆయన ఆఫీసులో ఇలాంటివే జరుగుతాయట.

నేను ఈ దిశలోనే నడవమన్నది ఈ కొమ్ము కోసమే. దీని చివర నిలబడితే రేవు నోరు ఎదురుగా కనిపిస్తుంది. దాని ముందర, లోపలికొచ్చే దారికి అడ్డంగా, నల్లటి రాళ్ళ వరస. వాటిని హర్కర్లు అంటారు. మేం వెళ్ళిన రోజు గాలి లేదు, సముద్రం మొత్తం కదలకుండా ఉంది. అయినా ఆ రాళ్ళ చుట్టూ మాత్రం తెల్లటి నురగ ఆగలేదు.

1881లో ఆ శుక్రవారం పొద్దున కూడా గాలి లేదు. అంతకుముందు కొన్ని రోజులుగా వాతావరణం బాగోక పడవలు రేవులోనే ఉండిపోయాయి. వేటకి వెళ్తే తప్ప ఇల్లు గడవదు. రేవు దగ్గర గాలి పీడనం చూపే బరామీటర్ బాగా పడిపోయి ఉంది, పైన ఆకాశం మాత్రం నిర్మలంగా ఉంది. కంటికి కనిపించిందే నమ్మి బయల్దేరారు. మధ్యాహ్నానికి తుఫాను విరుచుకుపడింది. వెనక్కి తిరిగిన పడవల్లో కొన్ని ఇంటిదాకా వచ్చి, ఇదే రేవు నోటి దగ్గర, ఒడ్డున నిలబడ్డ భార్యాబిడ్డల కళ్ళ ముందే రాళ్ళకి కొట్టుకుని ముక్కలయ్యాయి. తీరం మొత్తం మీద పోయినవాళ్ళు 189 మంది. అందులో ఒక్క ఐమౌత్ వాళ్ళే 129 మంది.

ఏరియల్ గజెల్ అనే పడవ మాత్రం ఒడ్డుకి రావడానికి ప్రయత్నించకుండా నడిసముద్రంలోనే గాలికి ఎదురు నిలిచింది. రెండు రోజుల తర్వాత, అందరూ ఆశ వదులుకున్నాక, రేవులోకి వచ్చింది. ఆ రోజు ప్రమాదం సముద్రంలో కన్నా ఇంటి గుమ్మంలోనే ఎక్కువ ఉంది. మ్యాపులో చూస్తే ఈ మాట ఎక్కదు, కోట కొమ్ము మీంచి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి రేవుని ముందే బాగుచేసుకోలేకపోయారా అని మా ఆయన అడిగారు. దానికీ ఒక కథ ఉంది. పట్టిన చేపల్లో చర్చికి కట్టాల్సిన పన్ను మీద ఐమౌత్ జాలర్లు ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళకి నాయకుడు విలియమ్ స్పియర్స్ అనే జాలరి, ఆయన విగ్రహం ఊళ్ళో ఉంది. చివరికి ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించి ఆ పన్ను వదిలించుకున్నారు. ఆ బాకీ ఊరి నెత్తిన ఉండగా రేవుకి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? విగ్రహం చూసి కథ గెలుపుతో అయిపోయిందనుకుంటాం, దాని ఖర్చు ఎక్కడ తేలిందో సముద్రం ఒడ్డున కనిపిస్తుంది.

ఒడ్డున రెండో కంచు బొమ్మ ఉంది. జిల్ వాట్సన్ అనే శిల్పి చేశారు, 2016లో ఆవిష్కరించారు. ఇందాక సెయింట్ ఆబ్స్‌లో చూసిందీ ఆమె చేసిందే. అక్కడ కొందరే, ఇక్కడ పొడవాటి వరస. భర్తని పోగొట్టుకున్న ప్రతి ఇల్లాలూ, తండ్రిని పోగొట్టుకున్న ప్రతి బిడ్డా విడివిడిగా ఉంటారు. బెత్తెడంత బొమ్మలే. ఒకామె గాలికి ముందుకి ఒంగి ఉంది, ఒక పిల్ల తల్లి గౌను కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. మనిషెత్తు విగ్రహం అయితే ఇంతగా పట్టుకోదనిపించింది. దీన్ని చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి.

రేవుకి అవతలి ఒడ్డున గన్స్‌గ్రీన్ హౌస్. జాన్ ఆడమ్ గీసిన నమూనాతో 1753లో జాన్ నిస్బెట్ అనే వ్యాపారి కట్టించుకున్న భవంతి. వ్యాపారం అంటే దొంగ సరుకు, ముఖ్యంగా టీ. అప్పట్లో టీ మీద పన్ను అంత ఉండేది మరి. టీ దాచడానికి గోడ లోపల పెట్టిన రహస్య గొట్టం ఇప్పటికీ ఉంది. టీ మీద పన్ను 1784లో బాగా తగ్గించేసరికి ఆ దొంగ వ్యాపారం లాభం పోయింది.

రేవులో సీల్‌లు చేపల కోసం తలలెత్తి మనల్నే చూస్తాయి. చిప్స్ కొనుక్కుని గోడ మీద కూర్చుంటే సీగల్స్‌తో జాగ్రత్త, పొట్లం ఒళ్ళో పెట్టుకుని తినండి. తిరుగు ప్రయాణానికి బెరిక్ దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు.

ఇంకా దక్షిణంగా వెళ్తే గోల్ఫ్ మైదానం అంచునుంచి బర్న్‌మౌత్‌కి దారి ఉంది. 1881 తుఫానులో ఆ ఊరి లెక్క 24, అక్కడా ఒక కంచు బొమ్మ ఉంది. సెప్టెంబర్‌లో వెళ్దామన్నాను. మా ఆయన ఇప్పటికే మ్యాపు తెరిచి, అంచుకి ఎంత లోపలనుంచి నడవొచ్చో కొలుస్తున్నారు.