ఫీనిక్స్‌లో కారు లేకపోతే కాలు కదలదు

జూన్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను, అరిజోనాలోని చాండ్లర్. ఫీనిక్స్ పక్కనే, ఇంటెల్ పుణ్యమా అని మనవాళ్ళు బాగానే ఉన్నారక్కడ. ఇండియన్ స్టోర్ మైలు దూరం కూడా లేదు కదా, కొత్తిమీర నేను నడిచెళ్ళి తెస్తా అంటే బావ ఫోన్ తీసి చూపించాడు, 112 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో లెండి, మన లెక్కలో 44 దాటింది. విజయవాడ ఎండలు చూసినోణ్ణే కానీ అక్కడ దారిలో నిలబడ్డానికి ఒక చెట్టూ ఉండదు, కొబ్బరి బోండాల బండీ ఉండదు, రోడ్డు దాటాలంటేనే ఆరేడు లేన్లు. నోరు మూసుకుని కారెక్కా. సీట్ బెల్ట్ బకిల్ వేలికి తగిలి చుర్రుమంది! పార్కింగ్‌లో చూస్తే షాపు గుమ్మం ముందు ఖాళీ ఉన్నా జనం ఎక్కడో మూల ముళ్ళచెట్టు నీడ వెతుక్కుని పెడుతున్నారు.

ఊరంతా గళ్ళ నోట్‌బుక్కే, మైలుకో పెద్ద రోడ్డు అడ్డంగా, మైలుకోటి నిలువుగా, మూల మూలకీ పెట్రోల్ బంకు, డ్రైవ్ త్రూ. 1950లో ఫీనిక్స్ జనాభా లక్ష చిల్లర, 2020కి 16 లక్షలు. ఏసీ, కారు, ఇంకా 336 మైళ్ళ కాలువలో ఎడారి దాటించి తెచ్చుకునే కొలరాడో నది నీళ్ళు, ఈ మూడూ లేకపోతే అసలింత ఊరు లేదు. 2023లో ప్రభుత్వం, భూగర్భజలాలనే నమ్ముకుని వేసే కొత్త వెంచర్లకి ఇక పర్మిషన్ ఇవ్వం అనేసింది, అయినా ఊరు చివర ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి.

లైట్ రైల్ 2008 నుంచీ ఉంది, కాకపోతే అది చాండ్లర్ దాకా రాదు, స్టేషన్‌కి వెళ్ళడానికే కారు కావాలి. డ్రైవర్ లేని వేమో ట్యాక్సీ ఎక్కాం ఒకసారి, ముందు సీట్లో ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, అక్క మాత్రం దిగేదాకా పైన డోర్ హ్యాండిల్ వదల్లేదు.

నాకు నచ్చింది పక్కూరు టెంపీలో కల్‌డిశాక్ అనే కాలనీ. అక్కడుండేవాళ్ళకి కారు పార్కింగే ఇవ్వరు, పక్కనే రైలు స్టాప్. తెల్లటి బిల్డింగులు దగ్గర దగ్గరగా కట్టారు, మధ్యలో సందులు, తారు రోడ్డు లేదు కాబట్టి కాళ్ళకింద ఆ సెగ కూడా తక్కువే, పిల్లలు బయట ఆడుకుంటున్నారు. ఇదీ ఊరంటే అన్నా నేను.

బావ చుట్టూ చూసి, "అంతా బానే ఉందిరా, మరి చుట్టాలొస్తే కార్లు ఎక్కడ పెడతారు?" అన్నాడు.