నంబర్లు సిమ్‌లో కాదు, అకౌంట్‌లో ఉండాలి
మా పిన్ని ఫోన్‌లో పాలాయన, గ్యాస్ బాబు, ‘ప్లంబర్ కొత్త నం’ అందరూ సిమ్‌లోనే ఉంటారు. సిమ్‌లో మామూలుగా 250 దాకా పడతాయి, అదీ పేరూ నంబరూ మాత్రమే. సిమ్ పోతే డూప్లికేట్ తీసుకోవచ్చు కదా అంటారు గానీ, అందులో మీ నంబర్ వస్తుందే తప్ప పాత కాంటాక్టులు రావు.

ఆండ్రాయిడ్ అయితే గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో సిమ్ నుంచి ఇంపోర్ట్ కొట్టి అన్నిటినీ జీమెయిల్ అకౌంట్‌లోకి లాగేయండి, ఫోన్‌లో ఉన్నవాటికి సెట్టింగ్స్‌లో సింక్ (ఫోన్‌లోవీ అకౌంట్‌లోవీ ఎప్పుడూ ఒకేలా ఉంచేది) ఆన్ చేయండి, ఇక నుంచి కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు అది ఎక్కడికి వెళ్తోందో ఒక్కసారి చూసుకోండి. ఐఫోన్ వాళ్లకి ఐక్లౌడ్‌లో కాంటాక్ట్స్ స్విచ్ ఆన్ చేస్తే సరి.

సింక్ అంటే దాచిపెట్టడం కాదు, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. గూగుల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది కాబట్టి ఆలోపు తెచ్చుకోవచ్చు. నేనైతే అప్పుడప్పుడూ కాంటాక్టులన్నీ ఒకే వీసీఎఫ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ల్యాప్‌టాప్‌లో కూడా పడేస్తాను.

అసలు తిరకాసు వేరే ఉంది. పెద్దవాళ్ల ఫోన్లలో షాపు కుర్రాడు అప్పటికప్పుడు ఏదో జీమెయిల్ క్రియేట్ చేసిచ్చేస్తాడు, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలీదు, అలాంటి అకౌంట్‌లో బ్యాకప్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే! ముందు ఆ పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబర్‌గా మీది ఇచ్చి, ఆ తర్వాతే సింక్ సంగతి చూడండి.