షీల్డు మీద చోటు

జూన్ 26, గురువారం
శ్రీకాకుళం

సోమవారం మా పి.ఇ.టి. మాస్టారి, అంటే వ్యాయామం మాస్టారి, రిటైర్మెంటు. షీల్డు, బ్యానరు పని నాకు తగిలించారు. తెలుగు టీచర్ని కాబట్టి తప్పుల్లేకుండా రాయిస్తానట. బడి వదిలాక పాలకొండ రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళ్ళాల్సిన పని కాబట్టి ఇంకెవరూ పోటీకి రాలేదు అనుకుంటున్నాను నేను.

మూడో పీరియడు ఖాళీలో మేటరు రాద్దామని కూర్చున్నాం. ఆయన గురించి ఒక్క వాక్యం వచ్చింది. అదీ ప్రతి రిటైర్మెంటుకీ రాసేదే: విశిష్ట సేవలందించి పదవీ విరమణ చేయుచున్న శుభ సందర్భంగా. ఆ తర్వాతదంతా మా గురించే. ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయ బృందం, బోధనేతర సిబ్బంది. చందా ఎక్కువ వేసుకున్నవాళ్ళ పేర్లు విడిగా వేయిద్దామని సోషల్ మేడమ్ అన్నారు. వేస్తే సీనియారిటీ ప్రకారం వెయ్యాలని లెక్కల మాస్టారు. సీనియారిటీ మాట వచ్చాక మా స్టాఫ్‌రూములో ఇంకో మాటకి చోటుండదు, బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాం. హిందీ మేడమ్ మాత్రం నెమ్మదిగా, "ఆయనకి ఏం కావాలో ఎవరైనా అడిగారా?" అన్నారు. ఎవరూ అడగలేదు.

మా బళ్ళో ప్రతి ఫ్యానుకీ ఒక దాత ఉన్నాడు. మూడు రెక్కల మీద ఇంటిపేరు, పేరు, ఊరు. ఫ్యాను తిరిగినంతసేపూ ఏమీ కనబడదు, కరెంటు పోయినప్పుడు చదువుకోవచ్చు. ఇదేమీ కొత్త జబ్బు కాదులెండి. పిల్లల్ని శ్రీముఖలింగం తీసుకెళ్ళినప్పుడు మధుకేశ్వరుడి గుడిలో గంగరాజుల నాటి శాసనాలు చూపించి, అఖండదీపం ఎవరు పెట్టించారో, దాని ఖర్చుకి ఏమిచ్చారో ఇలా రాతి మీద చెక్కించుకునేవారని చెప్పాను. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు వెంటనే "మన ఫ్యాన్ల మీద లాగేనా టీచర్?" అన్నాడు. అంతేరా బాబూ అన్నాను.

సాయంత్రం ముందు పెద్దమార్కెట్ వైపు గిన్నెల కొట్టుకి వెళ్ళాను. హిందీ మేడమ్ మాట మనసులో పడింది. ఇంకో టీచరు రిటైరైనప్పుడు బుడితి కంచు చెంబు ఇచ్చాం, ఆవిడ ఇప్పటికీ ఎక్కడ కనబడినా ఆ చెంబు కబురు చెప్తారు. సరుబుజ్జిలి, సారవకోట దారుల్లో వెళ్ళేవాళ్ళకి బుడితి సంగతి తెలుసు. కంచు, ఇత్తడి పని అక్కడ తరాలుగా ఉంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొట్టు ముందు పేర్లు కొట్టే అతను స్టూలు మీద ఖాళీగా కూర్చున్నాడు. ఆషాఢం వచ్చేసింది, పెళ్ళి సామాన్లు కొనేవాళ్ళు లేరు. అతని చేతిలో కలం లాంటి కరెంటు మిషను, జుయ్యిమంటూ సూది అదురుతుంది, చుక్క పక్కన చుక్క పడి అక్షరం అవుతుంది. రేటు అక్షరానికి ఇంత అని. ఒత్తుకి విడిగా తీసుకుంటావా అని అడిగాను. "ఒత్తుకీ దీర్ఘానికీ ఏటి డబ్బులమ్మా, తల్లితో వచ్చిన పిల్లకి టిక్కట్టు కొడతామేటి" అన్నాడు. బస్సు కండక్టర్లు వినాలి ఈ మాట.

కానీ చెంబు కొనలేదు. స్టేజి మీద చేతికిచ్చి ఫోటో తీయించుకోవడానికి షీల్డే ఉండాలని హెచ్.ఎం. గారి పట్టు. ఆయనకిదే మొదటి రిటైర్మెంటు ఫంక్షను, కాస్త టెన్షన్‌లో ఉన్నారు పాపం.

షీల్డుల కొట్టు పాలకొండ రోడ్డులోంచి లోపలికి తిరిగే సందులో ఉంది. గుమ్మంలోనే కప్పులు, చిన్నదాని వెనక పెద్దది. మేకులకి రిబ్బన్లతో సహా గుత్తులుగా వేలాడే మెడల్సు. ఓ మూల రబ్బరు స్టాంపులు, నేమ్‌ప్లేట్లు. వెనక గదిలో లేజర్ మెషీను. ఫ్లెక్సీ ఇక్కడ డిజైన్ చేసి, పెద్ద మెషీనున్న చోటుకి ఫైలు పంపి వేయించి తెప్పిస్తారు. ఓనరుని అందరం ఆర్టిస్టుగారనే అంటాం. కుంచెతో బోర్డులు రాసిన మనిషి. గుడ్డ బ్యానర్ల రోజుల్లో రోడ్డుకి అడ్డంగా కట్టినవి సగం ఆయన చేతివే. ఇప్పుడు కంప్యూటరు ముందు కొడుకు కూర్చుంటాడు, కొడుకు వెనక కుర్చీలో ఆయన.

"రండమ్మా. మీదీ సోమారమేనా?"

గోడకి ఆనించిన వాటి మీద చూపు పడ్డాక ఆ "మీదీ" ఎందుకో అర్థమైంది. బ్యాంకుది, విద్యుత్ శాఖది, ఇంకో రెండు బళ్ళవి, అన్నిటి మీదా ఒకటే తేదీ, 30 జూన్. ప్రభుత్వోద్యోగి ఏ తారీకున పుట్టినా నెలాఖరునే దిగుతాడు, అది తెలిసిందే. జూన్‌కి ఇంకో విశేషం ఉంది. ఆ తరంలో చాలామందికి అసలు పుట్టినరోజు తెలీదు. బళ్ళో చేర్చుకునే మాస్టారు, బళ్ళు తెరిచే రోజుల్లోదే ఏదో ఒక తారీకు వేసి పడేసేవారు. జూలై 1 అని వేస్తే జూన్ 30కే రిటైర్మెంటు. ఎప్పుడో పాత హెడ్మాస్టర్లు చేతికొచ్చిన తారీకు రాసినందుకు ఇప్పుడు ఈ కొట్లో నెలాఖరు వారం తిండీ నిద్రా ఉండవు.

"మరి ఆ రెండేళ్ళో?" అన్నారాయన నవ్వుతూ. నాకు వెలగలేదు. 2022లో రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెంచారు కదా. మేం స్వీట్లు పంచుకున్నాం. రిటైరవ్వాల్సినవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. 2024 జనవరి దాకా ఈయనకి సర్కారు రిటైర్మెంటు షీల్డు బేరమే లేదు. రాష్ట్రం విడిపోయిన ఏడు 58ని 60 చేసినప్పుడూ ఇదే కథట. "అంతకుముందు కరోనా, ఫంక్షన్లు లేవు. తరవాత మీ రెండేళ్ళు. మధ్యలో ఫ్లెక్సీలు బంద్ అన్నారు." అదీ నిజమే. 2022 ఆగస్టులో విశాఖలో ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు, నవంబరు 1 నుంచి అని. తర్వాత అది జనవరికి జరిగింది. ఇప్పుడు ఏడురోడ్ల జంక్షన్లో నిలబడి చూస్తే అసలలాంటి ప్రకటన ఒకటి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. "ఫ్లెక్సీ వచ్చి నా కుంచె తినీసింది. ఫ్లెక్సీ పోతే ఈడి కంప్యూటరు పోతాది. నేను ఎవుడి పక్కనుండాలమ్మా?" అని కొడుకు భుజం తట్టారు.

జీతం పెరగకపోయినా నెల తిరిగేసరికి పడిపోయే నాలాంటి వాళ్ళకి ఇవి తట్టవు. మా అరవై రెండు ఎవరి షట్టరు దించిందో ఎప్పుడైనా అనుకున్నామా?

ముందు బ్యానరు తేల్చాం. ఎనిమిదడుగులు, నాలుగడుగులు. అబ్బాయి "రిటైర్మెంట్" అని రాసున్న ఫోల్డరు తెరిచాడు. తయారుగా ఉంది, పైన నాయకులకి గుండ్రటి కిటికీలు, మధ్యలో రిటైరయ్యే మనిషి, కింద స్టాఫ్ అందరికీ స్టాంపు సైజు ఫోటోలు. పైవీ కిందవీ తీసెయ్యమన్నాను. మాస్టారి ఫోటో, ఆయన పేరు, బడి పేరు, తేదీ, అంతే. "ఖాళీగా ఉంటాది మేడమ్" అన్నాడు. వెనకనుంచి తండ్రి, "ఉండనీరా, దూరంనించి పేరు కనబడద్ది" అన్నారు. రింగులు వేయించి, గాలికి చిరక్కుండా కర్ర ఫ్రేము కట్టిస్తామన్నారు. ఫంక్షనయ్యాక ఆ ఫ్లెక్సీ నాకిమ్మని మా వంటావిడ అప్పుడే చెప్పేసింది. మా వీధిలో ఏ మేడ ఎక్కి చూసినా వడియాలు ఎవరో ఒక నాయకుడి మొహం మీదే ఎండుతుంటాయి. మా మాస్టారి మీద ఎండినా ఆయనేం అనుకోరు.

అసలు పని మేటరు దగ్గర. హెచ్.ఎం. గారు వాట్సాప్‌లో పంపింది అలాగే తీసి అతికిస్తే సరిపోతుందనుకుంటాం. ఈ కొట్లో డిజైన్లన్నీ 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలో ఉంటాయి, ఫోన్లో మనం కొట్టేది యూనికోడు అనే వేరే పద్ధతి. రెండిటికీ పడదు. అతికించగానే తెర నిండా డబ్బాలు. అందుకని అబ్బాయి ఫోను చూస్తూ మళ్ళీ మొత్తం టైపు చేస్తాడు. ఫ్లెక్సీల మీద తప్పులు చూసి మనం నవ్వుకుంటాం గానీ, సగం అక్కడే దొర్లుతాయి. నేను పక్కన కూర్చున్నాను కాబట్టి "వ్యాయమ" అన్నది "వ్యాయామ" అయింది.

తర్వాత ఆర్టిస్టుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఆ రెండో లైను కిందకి దించు." అబ్బాయి కొంచెం దించాడు. "ఇంకా." నాకు అప్పటిదాకా అంతా బాగానే కనబడింది. ఆయన తెర మీద వేలు పెట్టి చూపించారు. పై లైనులో 'ధ్యా'కి కిందికి వేలాడే యావత్తు వచ్చి, కింది లైనులో గుడిదీర్ఘాన్ని రాసుకుంటోంది. ఇంగ్లీషు అక్షరాల లెక్కన కంప్యూటరు వదిలే ఎడం తెలుగుకి చాలదట. కుంచెతో రాసే రోజుల్లో సుద్దతాడు కొట్టినప్పుడే ఒత్తులకో గీత, గుళ్ళకో గీత వదిలేవారట. దించాక చూస్తే ఆ రెండు లైన్లకీ ఊపిరాడింది. అక్షరాలు దిద్దించే నాకు ఇన్నేళ్ళూ ఇది కనబడలేదు చూడండి.

షీల్డుకి చెక్క బేసు మీద నిలబెట్టే అక్రిలిక్ పలక తీసుకున్నాను. లోపల వేరే ఆఫీసువాళ్ళది చెక్కుతున్నారు, చూడనిచ్చారు. మూత కింద లేజర్ తల అటూ ఇటూ పరిగెడుతుంది, వెళ్ళినచోటల్లా పలక మీద తెల్లటి గరుకు తేలుతుంది, ఘాటైన వాసన. ఆ అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి. పలకకి వెనకవైపునుంచి చెక్కుతారు, ముందునుంచి చూస్తే సరిగ్గా కనబడతాయి, ముందువైపు నున్నగా ఉంటుంది. చెక్కాక దిద్దడం ఉండదు, తప్పొస్తే పలక పారెయ్యడమే. అందుకే తిరగెయ్యకముందు ప్రింటు తీసి, చదివి సంతకం పెట్టమన్నారు. పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా చదివాను.

ఎంత రాయాలన్నది మిగిలింది. నా దగ్గరున్న కాగితంలో పన్నెండు లైన్లు. పలక మీద చదవగలిగే సైజులో పట్టేవి ఐదు. ఆర్టిస్టుగారు కాగితం కొసాకీ చదివి, "ఇందులో మేస్టారెక్కడమ్మా?" అన్నారు. ఎగతాళికి కాదు, వెతుక్కునే అన్నారు.

మా పి.ఇ.టి. మాస్టారు ఆయనకి పాత గిరాకీ. ఏటా గేమ్స్ ముందు సంచీ నిండా పాత కప్పులు పట్టుకొచ్చేవారట. కప్పు అదే, కింద ప్లేటు మార్చి కొత్త ఏడు వేయించుకెళ్ళడం. గేమ్స్ ఫండు అంతకి మించి వచ్చేది కాదు. కబడ్డీ, ఖోఖో, హైజంపు, ప్లేటు మీద పేరు పిల్లలదే. ఆడపిల్లల్ని గ్రౌండుకి పంపడానికి తల్లులు నసిగితే, "ఊసవానిపేట ఇక్కడికెంత దూరమమ్మా? 2000లో సిడ్నీ నుంచి కాంస్యం పట్టుకొచ్చిన కరణం మల్లీశ్వరిది ఆ ఊరే గదా" అని వాళ్ళ గుమ్మంలో కూర్చునేవారు. ఆమె ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అని మా పిల్లలకి నా తెలుగు పాఠంలో కాదు, ఆయన ఈల పక్కన తెలిసింది. "ఇన్ని ప్లేట్లు చేయించినారు, ఆయన పేరుతోటి ఒక్కటీ లేదు" అన్నారు ఆర్టిస్టుగారు, బిల్లు పుస్తకం వెతుక్కుంటూ.

కాగితం తిప్పి వెనక రాశాను. మొదటి లైను ఆయన పేరు, పెద్దగా. రెండోది వ్యాయామోపాధ్యాయులు. మూడోది: ఎండలో నిలబడి మా పిల్లల్ని గెలిపించినందుకు. నాలుగోది బడి పేరు, ఐదోది తేదీ. "విశిష్ట సేవలు" ఎగిరిపోయింది. మేమంతా బేసుకి కొట్టే చిన్న ప్లేటు మీద, విడివిడి పేర్లు లేకుండా, ఉపాధ్యాయ బృందం అని ఒకే ముక్కలో. సోషల్ మేడమ్‌కి రేపు ఏదో ఒకటి చెప్పుకోవాలి.

అడ్వాన్సు ఇచ్చి లేవబోతుంటే హెచ్.ఎం. గారి ఫోను. బడి కమిటీ చైర్మన్ గారి పేరు మర్చిపోయామట, వెయ్యకపోతే ఆయన ఫీలవుతారట. ప్లేటు నిండిపోయిందని చెప్పినా వినరు. ఫోను ఆర్టిస్టుగారికి ఇచ్చేశాను. ఆయన వింటూనే బల్ల మీదున్న చెక్క బేసుని చేతిలోకి తీసుకుని బోర్లా తిప్పి చూశారు. అడుగున నున్నగా, జానెడు ఖాళీ.

"కిందన వేసీమంటారా సార్? చోటుంది."

"కిందనైనా పర్లేదండీ, ఉంటే చాలు" అన్నారు హెచ్.ఎం. గారు. స్పీకరు అవసరం లేకుండానే వినబడింది.

శనివారం ఐదింటికి రమ్మన్నారు.