కంది గింజంత చందమామ

ఏప్రిల్ 12, 2025, శనివారం. హనుమకొండ.

పొద్దున లేచి ఫోన్ చూసేసరికి ఇంటి గ్రూపులో బావ ఒక ఫార్వర్డ్ పడేసి ఉన్నాడు. ‘ఈ రాత్రి ఆకాశంలో గులాబీ చందమామ! అస్సలు మిస్ కాకండి!’ అని. కింద ఒక బొమ్మ. సముద్రం మీద రోజ్‌మిల్క్ రంగులో, సగం ఆకాశం ఆక్రమించిన చంద్రుడు. బావకు కరీంనగర్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. పంపి ఊరుకున్నాడు. అది ఇక్కడ నా మెడకు చుట్టుకుంది. అక్క ఫోన్‌లో ఆ బొమ్మ మా అల్లుడి కంట పడింది. మూడో తరగతి. వాడికి ఒకటి నచ్చిందంటే ఇంటిల్లిపాదీ చూసి తీరాల్సిందే.

"మామా, నువ్వు ఆరింటికల్లా రావాలె. బంగ్లా మీదికి పోయి పింక్‌ది చూద్దాం."

"అది పింక్ ఉండదురా."

"ఫొటోల ఉంది కదా!"

ఫొటోలో ఉన్నదాన్ని కాదనడానికి నేనెవర్ని. సరేనని స్కూటర్ తీశాను.

ఇవాళ చైత్ర పున్నమి. మా వైపు చిన్న హనుమాన్ జయంతి అంటారు, పెద్ద జయంతి వైశాఖంలో వస్తుంది. బస్టాండ్ ముందు కొండగట్టు బస్సు కోసం కాషాయ బట్టల్లో దీక్షాస్వాములు బారులు తీరి ఉన్నారు. వాళ్లను తప్పించుకుని ఎనుమాముల మార్కెట్ యార్డు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. యార్డుకు సెలవు కాబట్టి కాంటాలు లేవు. కానీ నేను పనిచేసే అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలకు సెలవుండదు. వారం రోజుల తక్‌పట్టీలు, అంటే సరుకు తూకం, ధర రాసే చీటీలు, ముందేసుకుని కూర్చున్నాను. మిరపల్లో తేజ రకం వేరు, వండర్ హాట్ వేరు, రంగు సరిగా లేని తాలు వేరు. మనుషులు లేకపోయినా మిరప ఘాటు అక్కడే ఉంటుంది. ఉత్త గాలికే రెండు తుమ్ములు. ఆరు బస్తాలు ఎక్కడో తేడా కొట్టి గంటన్నర తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే నలభై ఒకటిని నలభై ఏడుగా చదివింది నేనే.

మధ్యాహ్నం చాయ్ దగ్గర ఇద్దరు హమాలీలు కలిశారు. పని లేకపోయినా వచ్చి కూర్చున్నారు, ఇంట్లో ఏం తోస్తుందని. మాటల్లో పింక్ మూన్ సంగతి చెబితే పెద్దాయన నవ్వాడు. ఆయనకు పర్కాల దగ్గర ఎకరన్నర ఉంది. ఒకప్పుడు కరెంటు రాత్రిపూటే ఇచ్చేవారు కదా, అర్ధరాత్రి మోటరు పెట్టడానికి పోవాల్సి వచ్చేదట. "అమాసకు పోవాలంటే పానం చేతుల పట్టుకొని పోవుడే. పున్నం ఎలుగుంటే పాముకు మనం కనపడ్తం, మనకు పాము కనపడ్తది" అన్నాడు. పున్నమి గురించి నేను ఇంతవరకు విన్నవాటిలో పనికొచ్చే మాట ఇదొక్కటే.

ఆరుకు ఐదు నిమిషాలు తక్కువకు ఇంటికి చేరాను. వాడు అప్పటికే పైన ఉన్నాడు. అమ్మ కూడా. ఊరి నుంచి తెచ్చిన కందులు పాత చీర మీద ఎండబోసి, రాళ్లు ఏరుతోంది. రేపు గిర్నికి పంపి పప్పు పట్టించాలి. పక్కింటి సిస్టరమ్మ పిట్టగోడకు అవతల కుర్చీ వేసుకుంది. ఆమె ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. బస్తీ అంతా సిస్టరమ్మ అనే పిలుస్తుంది.

తూర్పున, వరంగల్ వైపు, దుమ్ము పొర పట్టి ఉంది. ఆ పొరలోంచి ఒక సెల్ టవర్‌కీ ఒక నీళ్ల ట్యాంకుకూ మధ్య వచ్చాడు చంద్రుడు. ముందు అసలు గుర్తే పట్టలేదు. ఇంకా వెలుతురు ఉండటంతో వెలవెలబోయి ఉన్నాడు. పది నిమిషాలకు రంగు తేరింది. పింక్ కాదు. ఎర్రా కాదు. మా దుకాణం భాషలో చెప్పాలంటే తాలుగాయ రంగు. పండీ పండక, ఎరుపు సరిగా ఎక్కక, పసుపు కలిసి ఉంటుంది చూడండి, అది.

వాడి మొహం చూడాలి. "మామా, ఇది ఆరెంజ్!"

చెప్పాను. దిగువన ఉన్నప్పుడు చంద్రుడి వెలుగు చాలా గాలినీ దుమ్మునూ దాటుకుని రావాలి, దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపూ పసుపూ మిగిలి మన దాకా వస్తాయి, పొద్దుగూకే సూర్యుడూ అందుకే ఎర్రబడతాడు అని. "మరి పింక్ అని ఎందుకు పెట్టిన్రు?" అన్నాడు. ఆ పేరు అమెరికాది. ఏప్రిల్‌లో అక్కడి తూర్పు ప్రాంతాల్లో ఫ్లాక్స్ అనే అడవిపూలు నేలంతా గులాబీ రంగులో పరుచుకుంటాయి. ఆ పూల కాలంలో వచ్చే పున్నమి కాబట్టి పింక్ మూన్. రంగు పూలది, చంద్రుడిది కాదు. మోదుగు పూసే కాలమని మనం కాముని పున్నమికి మోదుగు పున్నమి అని పేరు పెట్టుకుంటే, ఎవడో దాన్ని విని కాషాయం చంద్రుడి కోసం డాబా ఎక్కినట్టుంది ఇది.

ఈలోగా అమ్మ తలెత్తి చూసింది. "అబ్బో, ఇయ్యాల ఎంత పెద్దగున్నడురా! తాంబాళమంత ఉన్నడు."

"ఔనక్కా, మస్తు పెద్దగున్నడు" అని సిస్టరమ్మ.

ఇక్కడే నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఈ ఏడాది వచ్చే పున్నములన్నిటిలోకీ చిన్న చంద్రుడు ఇవాళ్టి వాడే. భూమి చుట్టూ ఆయన తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదు, ఒకసారి దగ్గరకొస్తాడు, ఒకసారి దూరం పోతాడు. ఇవాళ దాదాపు 4 లక్షల 6 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కార్తీక పున్నమికి, నవంబరు 5న, 3 లక్షల 57 వేల దాకా వస్తాడు. అప్పుడు సూపర్‌మూన్ అని ఇదే గ్రూపులో ఇదే బావ మళ్లీ పంపుతాడు, చూస్తూ ఉండండి. ఆ సూపర్‌మూన్ అన్న మాట కూడా ఖగోళ శాస్త్రజ్ఞులు పెట్టింది కాదు. 1979లో రిచర్డ్ నోల్ అనే అమెరికా జ్యోతిష్కుడు పెట్టాడు. పంచాంగం చూసేవాళ్లను వెక్కిరించే మా ఆఫీసు కుర్రాడికి ఈ సంగతి సోమవారం చెప్పాలి.

ఇవాళ్టి చంద్రుడు చిన్నవాడని నేనంటే అమ్మ ఒప్పుకోదు. "నా కండ్లు పోయినయా?" అంది. సరే, నీ కందుల్లోంచి ఒక గింజ ఇవ్వు అన్నాను. చేయి బారుగా చాపి, ఒక కన్ను మూసి, గింజను చంద్రుడి ముందు పెట్టాను. మాయం. తాంబాళం మొత్తం కంది గింజ వెనక్కు పోయింది. అల్లుడు లాక్కున్నాడు. వాడి చేయి పొట్టిది కదా, వాడికి ఇంకా సులువు. అమ్మ నమ్మలేదు. తానే ఇంకో గింజ ఏరుకుంది, ఏరడంలోనూ సన్నది ఏరుకుంది, నన్ను ఓడిద్దామని. ఒక కన్ను మూయడం రాక రెండూ మూసేసింది. చివరికి అల్లుడు అరచేత్తో ఆమె ఎడమ కన్ను కప్పి పట్టుకుంటే కుదిరింది. కాసేపు అట్లాగే చేయి చాపి ఉంచి, "అంతేనా!" అంది. మోసపోయినట్టు.

నేల దగ్గర చంద్రుడు పెద్దగా కనిపించడం కంటిది కాదు, బుర్రది. నిజానికి ఉదయించేటప్పటి కన్నా నడినెత్తికి వచ్చినప్పుడే మనకు కొంచెం దగ్గర, భూమి వ్యాసార్థమంత, అంటే ఆరు వేల కిలోమీటర్ల పైచిలుకు. అయినా అప్పుడే చిన్నగా అనిపిస్తాడు. చెట్లూ ఇళ్లూ పక్కన ఉండటం వల్లనా, ఆకాశం అంచు దూరమని మనసు లెక్కవేసుకోవడం వల్లనా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఒక చిట్కా మాత్రం ఉంది. అటు తిరిగి నిలబడి, వంగి, కాళ్ల సందులోంచి చూస్తే ఆ పెద్దతనం తగ్గిపోతుంది. అల్లుడు వెంటనే వంగాడు. "మామా, చిన్నగయ్యిండు!" అని తలకిందుల అరుపు. సిస్టరమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నువ్వూ చూడమ్మా అంటే "నా నడుముకు కంది గింజే సరిపోయింది" అని అమ్మ.

సిస్టరమ్మకు మాత్రం పున్నమి అంటే చంద్రుడు కాదు, డ్యూటీ. "మా వార్డుల పున్నమి నైట్ ఎవ్వరూ ఒప్పుకోకపోయేది. ఒకటెనక ఒకటి కాన్పులే." నేను ఊరుకోవచ్చు కదా. అమెరికాలో నార్త్ కరోలినాలో 1997 నుంచి 2001 దాకా 5 లక్షల 60 వేలకు పైగా కాన్పులు లెక్కతీస్తే పున్నమికీ వాటికీ సంబంధమే కనపడలేదు అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "వాళ్లు లెక్కవెట్టిన్రు, నేను పట్టుకున్న" అని రెండు చేతులూ చాపి చూపించింది, బిడ్డను అందుకున్నట్టు. ఇక ఏం మాట్లాడతాం.

ఏడున్నరకు చీకటి పడ్డాక చంద్రుడు తెల్లబడ్డాడు. వాడికి కింద, మూడు వేళ్ల దూరంలో ఒక చుక్క మెరవడం మొదలుపెట్టింది. అదేందని అడిగాడు అల్లుడు. చిత్త, అన్నాను. పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే నెలకు ఆ పేరు. చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం, కృత్తికల దగ్గరుంటే కార్తీకం. అమెరికా వాళ్లు కింద పూలు చూసి పేరు పెడితే, మనవాళ్లు పక్కన చుక్కను చూసి పెట్టారు. క్యాలెండరులో చిన్నప్పటి నుంచీ చైత్రం చైత్రం అని చదివినవాణ్ని, ఆ చిత్తను చూపుడువేలితో చూపించింది ఇవాళే. అక్కడి నుంచి వెలుగు బయలుదేరి దాదాపు 250 ఏళ్లయింది. అప్పటికి ఇక్కడ అసఫ్‌జాహీల పాలన.

అమ్మ గింజలు ఏరడం ఆపింది. "చిత్త ఇప్పుడెక్కడిది? చిత్తకార్తె అంటే దసరా ముందట్నో వెనకనో వస్తది. కుక్కల కార్తె."

మంచి ప్రశ్న వేసింది. నాకు జవాబు దొరకడానికి రెండు నిమిషాలు పట్టింది. కార్తె సూర్యుడిది, నెల చంద్రుడిది. అక్టోబరులో సూర్యుడు చిత్త దగ్గర ఉంటాడు, అప్పుడు ఆ చుక్క ఆయన వెలుగులో కలిసిపోయి మనకు కనపడదు. ఇప్పుడు సూర్యుడు రేవతిలో ఉన్నాడు, ఒకటి రెండు రోజుల్లో అశ్వినిలోకి పోతాడు. పున్నమి అంటేనే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండటం. అందుకే ఎదుటి వైపున్న చిత్త దగ్గర తేలాడు. కార్తెకూ నెలకూ ఆరు నెలలు ఎడం అందుకే వచ్చింది. అమ్మ కాసేపు ఆలోచించి, అశ్విని కార్తె వస్తుందంటే విత్తనాల సంగతి చూడాలి అని మా మామకు ఫోన్ చేయమంది. ఖగోళం అంతటితో సరి.

అల్లుడికి ఫోన్‌లో ఫొటో తీయాలి. తీశాడు. సున్నం చుక్క. జూమ్ చేశాడు. పెద్ద సున్నం చుక్క. చుట్టూ చీకటి చూసి ఫోన్ వెలుతురు పెంచేస్తుంది, చంద్రుడేమో మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్న రాయి. అదీ తారురోడ్డు లాంటి నల్లరాయి, మీద పడ్డ వెలుగులో నూటికి పన్నెండు వంతులే తిప్పి పంపుతుంది. తెర మీద వేలు పెట్టి వెలుతురు తగ్గిస్తే మచ్చలు బయటపడ్డాయి.

మచ్చలంటే ఇక ఎవరి కథ వాళ్లది. సిస్టరమ్మకు కుందేలు. అల్లుడు చంద్రయాన్ కోసం వెతుకుతున్నాడు. 2023 ఆగస్టు 23న స్కూల్లో టీవీ పెట్టి విక్రమ్ దిగడం చూపించారు, అప్పుడు వాడు రెండో తరగతి. అది దక్షిణ ధ్రువం దిక్కున దిగింది, ఇక్కడి నుంచి కనపడదంటే అలిగాడు. అమ్మకు మర్రిచెట్టు కింద నూలు వడికే ముసలవ్వ. ఆ ముసలవ్వతో పాటు ఇంకో ముసలవ్వ కూడా వచ్చింది. వెనకట మొగులు, అంటే ఆకాశం, చేతికందేంత కిందనే ఉండేదట. ఒక అవ్వ వాకిలి ఊడుస్తూ నడుము ఎత్తినప్పుడల్లా మొగులు తగులుతుందని కోపమొచ్చి చీపురు తిరగేసి ఒక్కటి వేసిందట. అది అట్లా పైకి పోయి మళ్లీ రాలేదు.

"ఎంత పైకి పోయింది అమ్మమ్మా?"

"మీ మామనడుగు, లెక్కలు ఆయనకే ఎరుక."

నాలుగు లక్షల ఆరు వేలు, అన్నాను. ఇవాళ మరీ గట్టిగా వేసినట్టుంది.

వాడు చాప మీదే నిద్రపోయాడు. అక్క వచ్చి ఎత్తుకుపోయింది. పదింటికి కిందికి దిగబోతూ చూస్తే చంద్రుడు బాగా పైకి వచ్చి, ఒంటరిగా, చిన్నగా ఉన్నాడు. చేతిలో కంది గింజ ఇంకా ఉంది. చేయి చాపి ఒక కన్ను మూశాను.

"చిన్నగయిండా?" అంది అమ్మ.

"లేదు. ఇందాకటి లెక్కనే కప్పింది."

"మరి ఇందాక పెద్దగెట్ల కనవడ్డడు?"

"కనవడ్డడు, అంతే."

"ఔ గని, ఆ కందులు ఎత్తు. పొద్దుగాలనే గిర్ని తీస్తడు."

చీర నాలుగు మూలలూ దగ్గరకు లాగాను. చేతిలో గింజ కూడా అందులోనే వేశాను.